అమెరికాలో పార్టీ టికెట్ ఎవరి చేతిలో ఉంటుంది? ప్రైమరీలు, డెలిగేట్ల లెక్క

2024 జూలై 21, మనకు ఆదివారం రాత్రి పదకొండు దాటాక, అప్పటి అధ్యక్షుడు, డెమొక్రాటిక్ పార్టీ నేత జో బైడెన్ ఉత్తరం ఒకటి సోషల్ మీడియాలో ప్రత్యక్షమైంది. అధ్యక్ష పోటీ నుంచి తప్పుకుంటున్నానని దాని సారాంశం. కాసేపటికే తన ఉపాధ్యక్షురాలు కమలా హారిస్‌కు తన మద్దతు ప్రకటించారు. అమెరికా సమయం ప్రకారం మర్నాటి రాత్రికల్లా, అభ్యర్థిత్వానికి సరిపడా డెలిగేట్లు (అభ్యర్థిని ఎన్నుకునే పార్టీ ప్రతినిధులు) హారిస్ వైపు ఉన్నారని అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ లెక్కగట్టి చెప్పింది. అంతకుముందు నెలల తరబడి రాష్ట్రాల్లో సాగిన ప్రైమరీల్లో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచడానికి జరిగే ఎన్నికల్లో, బైడెన్‌కు కోటీ 40 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. హారిస్ అసలు పోటీలోనే లేరు.

అప్పుడు చాలామందికి వచ్చిన సందేహం ఒకటే. ఒకరికి పడ్డ ఓట్లు ఇంకొకరికి ఎలా వెళ్తాయి? అలా వెళ్లేటట్టయితే అన్ని నెలలు ఓట్లు వేయించడం దేనికి?

2028 ఎన్నికలకు ఏ రాష్ట్రం ముందు ఓటెయ్యాలన్న పంచాయితీ డెమొక్రాటిక్ పార్టీలో మళ్లీ మొదలైంది కాబట్టి, ఈ సందేహాన్ని మొదటి నుంచీ విప్పి చూడటానికి ఇది మంచి సమయం.

ప్రైమరీలో వేసే ఓటు ఎవరికి చేరుతుంది

మన దగ్గర టికెట్ ఇచ్చేది పార్టీ అధ్యక్షుడో అధిష్ఠానమో. చేతికి బీ-ఫారం వచ్చేదాకా అభ్యర్థికి నిద్ర ఉండదు. అమెరికాలో ఆ బీ-ఫారం లాంటి అధికారం పార్టీ జాతీయ సదస్సుకు ఉంటుంది. దాన్నే కన్వెన్షన్ అంటారు. నాలుగేళ్లకోసారి ఎన్నికల ఏడాది అక్కడి ఎండాకాలంలో జరుగుతుంది. అక్కడ కూర్చుని ఓటేసే పార్టీ ప్రతినిధులే డెలిగేట్లు. వాళ్లలో సగానికి పైగా ఎవరి వెనక నిలబడితే వారే ఆ పార్టీ అధ్యక్ష అభ్యర్థి. 2024లో రిపబ్లికన్లకు మొత్తం 2,429 మంది డెలిగేట్లు. 1,215 మంది కలిసొస్తే చాలు.

మరి ప్రైమరీ దేనికంటే, ఒక రాష్ట్రం పంపే డెలిగేట్లు ఏ అభ్యర్థి తరఫున వెళ్లాలో తేల్చడానికి. మామూలు ఎన్నికల్లాగే పోలింగ్ బూత్, రహస్య బ్యాలెట్ ఉంటాయి. చాలాచోట్ల రాష్ట్ర ప్రభుత్వమే తన ఖర్చుతో జరిపిస్తుంది. కాకస్ అలా కాదు. అది పార్టీ సొంతంగా, వార్డు స్థాయిలో పెట్టుకునే సమావేశం. రెండింటి పనీ ఒక్కటే: డెలిగేట్లను పంచడం.

అంటే ఓటరు బైడెన్ పేరు పక్కన గుర్తు పెట్టినా, ఆ ఓటు బైడెన్ తరఫున వెళ్లే డెలిగేట్‌కు చేరుతుంది. ఈ డెలిగేట్ ఎంతవరకు కట్టుబడి ఉండాలన్నది పార్టీని బట్టి మారుతుంది. రిపబ్లికన్లలో చాలా రాష్ట్రాల డెలిగేట్లు కనీసం మొదటి రౌండు ఓటింగులో తమకు కేటాయించిన అభ్యర్థికే వెయ్యాలి. డెమొక్రాట్ల నియమావళి మాత్రం, తమను ఎన్నుకున్నవారి మనోభావాలను డెలిగేట్లు మనస్సాక్షిగా ప్రతిబింబించాలని చెప్పి ఊరుకుంటుంది. బైడెన్ తప్పుకున్నప్పుడు ఆయన డెలిగేట్లు హారిస్ వైపు వెళ్లడానికి నియమాలు అడ్డు రాలేదు. పోటీ చేయదలచిన వాళ్లెవరైనా 300 మంది డెలిగేట్ల సంతకాలు తెచ్చుకోవాలన్నారు. హారిస్ తప్ప ఎవరూ తేలేదు. ఆగస్టు మొదటి వారంలో ఆన్‌లైన్‌లో జరిగిన ఓటింగులో 99 శాతం ఆమెకే పడ్డాయి.

నిబంధనల ప్రకారం చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. కానీ నిబంధన సరిగ్గా పాటించినంత మాత్రాన ఓటరుకు న్యాయం జరిగినట్టేనా అన్నది వేరే ప్రశ్న. అమెరికన్లు దాని మీద రెండొందల ఏళ్లుగా కొట్టుకుంటున్నారు.

అధిష్ఠానం గదిలోంచి పోలింగ్ బూత్‌కు

అమెరికా రాజ్యాంగంలో పార్టీల ఊసే లేదు. అభ్యర్థిని ఎవరు ఎంచాలన్నదీ లేదు. మొదట్లో ఆ పని పార్లమెంటులోని పార్టీ సభ్యులే చేసుకునేవారు. 1824లో అలా నాలుగో వంతు సభ్యులే వచ్చిన సమావేశం విలియం క్రాఫర్డ్‌ను నిలబెడితే, మిగతావాళ్లు దాన్ని లెక్కచేయకుండా సొంతంగా పోటీ చేశారు. ఆ పద్ధతి అక్కడితో పోయింది. 1830ల నుంచి కన్వెన్షన్లు వచ్చాయి.

కన్వెన్షన్లంటే రాష్ట్ర నాయకులు, నగరాల్లో చక్రం తిప్పే పెద్దమనుషులు గదుల్లో కూర్చుని బేరాలాడుకోవడమే. బేరం కుదరకపోతే ఓటింగు మీద ఓటింగు. 1924లో న్యూయార్క్‌లో డెమొక్రాట్లు 103 సార్లు ఓటేస్తే గానీ జాన్ డేవిస్ అనే రాజీ అభ్యర్థి తేలలేదు. ఆయన నవంబరులో చిత్తుగా ఓడిపోయారు కూడా.

ప్రైమరీలు 20వ శతాబ్దం మొదట్లోనే పుట్టాయి, కానీ పేరుకే. 1912లో రిపబ్లికన్లలో మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ ఎక్కువ ప్రైమరీలు గెలిచారు. టికెట్ మాత్రం కుర్చీలో ఉన్న టాఫ్ట్‌కు దక్కింది. రూజ్వెల్ట్ కోపంతో కొత్త పార్టీ పెట్టారు, ఓట్లు చీలి వుడ్రో విల్సన్ గెలిచారు. 1952లో డెమొక్రాట్లలో సెనేటర్ ఎస్టెస్ కెఫావర్ 15 ప్రైమరీల్లో 12 గెలిస్తే, ఒక్కదానిలోనూ నిలబడని అడ్లాయ్ స్టీవెన్సన్‌కు టికెట్ ఇచ్చారు. అయినా ప్రైమరీకి ఒక ఉపయోగం ఉండేది: పార్టీ పెద్దలకు నమ్మకం కలిగించడం. కేథలిక్కు ఓట్లు పడవని అనుమానపడుతున్న పెద్దలకు, 1960లో ప్రొటెస్టెంట్లు నిండిన వెస్ట్ వర్జీనియాలో గెలిచి చూపించారు జాన్ కెన్నెడీ.

అంతా మార్చింది 1968. వియత్నాం యుద్ధం మీద జనం మండిపడుతున్నారు. అధ్యక్షుడు జాన్సన్ మార్చి 31న పోటీ నుంచి తప్పుకున్నారు. యుద్ధాన్ని వ్యతిరేకించిన యూజీన్ మెకార్తీ, రాబర్ట్ కెన్నెడీ ప్రైమరీల్లో తలపడ్డారు. జూన్‌లో కెన్నెడీ హత్యకు గురయ్యారు. ఆగస్టులో షికాగోలో జరిగిన డెమొక్రాట్ల సదస్సు, ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయని ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీకి టికెట్ ఇచ్చింది. బయట వీధుల్లో పోలీసులు ఆందోళనకారుల తలలు పగలగొడుతుంటే దేశమంతా టీవీల్లో చూసింది.

హంఫ్రీ ఓడిపోయాక పార్టీ ఒక కమిషన్ వేసింది. డెలిగేట్ల ఎంపిక బహిరంగంగా, ఎన్నికల ఏడాదిలోనే జరగాలని, మహిళలకు, యువతకు, నల్లజాతి వారికి చోటుండాలని అది తేల్చింది. ప్రైమరీలే పెట్టమని చెప్పలేదు. కానీ ఇన్ని షరతులు పాటించడానికి రాష్ట్ర శాఖలకు దొరికిన సులువైన దారి ప్రైమరీయే. రాష్ట్రాలు చట్టాలు చేయడంతో రిపబ్లికన్లూ అదే బాట పట్టారు. ఇవాళ మనం చూస్తున్న ఆరు నెలల తతంగాన్ని ఎవరూ కూర్చుని గీసిన పథకం అనుకోకూడదు. ఒక గొడవను సర్దబోతే వచ్చిపడింది.

అయోవా హాల్లో ఒక చలి సాయంత్రం

కాకస్ ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూస్తేగాని అర్థం కాదు. 2020 వరకు అయోవా డెమొక్రాట్లు చేసిన తీరు ఇది. ఫిబ్రవరి చలిలో రాత్రి ఏడింటికి స్కూలు వ్యాయామశాలలోనో చర్చి హాల్లోనో జనం చేరతారు. బ్యాలెట్ పేపరేమీ ఉండదు. ఈ మూల ఒక అభ్యర్థి మనుషులు, ఆ మూల ఇంకొకరి మనుషులు. తలలు లెక్కపెడతారు. వచ్చినవాళ్లలో 15 శాతం మంది లేని గుంపు చెల్లదు. ఆ గుంపులోని వాళ్ల చుట్టూ మిగతా గుంపులవాళ్లు మూగి, మా వైపు రండి మా వైపు రండి అని బతిమాలతారు. పక్కింటాయన చూస్తుండగానే మూల మారాలి. తర్వాత మళ్లీ లెక్క. సమానంగా వస్తే నాణెం ఎగరేసిన సందర్భాలూ ఉన్నాయి. 2016లో కొన్నిచోట్ల అలాగే తేల్చారు.

ఇది అసలైన ప్రజాస్వామ్యమని మురిసిపోయేవాళ్లున్నారు. చర్చ ఉంటుంది, ఒకరి మాట ఒకరు వింటారు, మొదటి ఎంపిక ఓడిపోతే రెండో ఎంపికకు దారుంటుంది. కానీ రాత్రి షిఫ్టు నర్సు రాలేదు. చంటిపిల్ల తల్లి రాలేదు. యజమాని కళ్లముందు తన మొగ్గు చూపించడానికి జంకేవాడు రాడు. 2008లో ఐడహో కాకస్‌లో సుమారు 21 వేల మంది పాల్గొంటే ఒబామాకు 15, హిల్లరీ క్లింటన్‌కు 3 డెలిగేట్లు వచ్చాయి: 12 తేడా. అదే రోజు న్యూజెర్సీ ప్రైమరీలో 11 లక్షలకు పైగా ఓటేస్తే హిల్లరీకి 59, ఒబామాకు 48: తేడా 11. చిన్న కాకస్‌లో ఏకపక్షంగా గెలవడం, పెద్ద రాష్ట్రంలో గట్టిగా గెలవడం కన్నా ఎక్కువ ఇచ్చింది. ఒబామా బృందం ఈ లెక్క ముందే పట్టుకుంది.

2020లో అయోవాలో ఫలితాలు పంపే యాప్ మొరాయించి, గెలిచిందెవరో చెప్పడానికి రోజులు పట్టడంతో డెమొక్రాట్లకు ఈ తంతు మీద మొహం మొత్తింది. రిపబ్లికన్లు ఇంకా అక్కడ కాకస్‌తోనే మొదలుపెడుతున్నారు. వాళ్లు మాత్రం చీటీల మీద రాసి రహస్యంగా ఓటేస్తారు.

అవే ఓట్లు, మూడు ఫలితాలు

లెక్కపెట్టే పద్ధతి దగ్గరే అసలు చిక్కు. ఒక రాష్ట్రానికి 50 మంది డెలిగేట్లనుకుందాం. క, గ, చ, ట అని నలుగురు అభ్యర్థులు. క అభ్యర్థికి 34 శాతం, గ అభ్యర్థికి 30, చ అభ్యర్థికి 22, ట అభ్యర్థికి 14 శాతం ఓట్లు వచ్చాయి.

మొదటి పద్ధతిలో ఎక్కువ వచ్చినవారికే అంతా. క అభ్యర్థికి 50 మందీ వెళ్తారు. మిగతా ముగ్గురికి సున్నా. మూడింట రెండొంతుల మంది వేరేవాళ్లను కోరుకున్నారన్న సంగతి డెలిగేట్ల పట్టికలో ఎక్కడా కనిపించదు.

రెండో పద్ధతి డెమొక్రాట్లది. 15 శాతం దాటినవాళ్లకు దామాషాలో పంచుతారు. ట అభ్యర్థి దాటలేదు కాబట్టి ఆ ఓట్లు లెక్కలోంచి పోతాయి. మిగిలిన 86 శాతంలో ఎవరి వాటా ఎంతో చూస్తే క అభ్యర్థికి 20, గ అభ్యర్థికి 17, చ అభ్యర్థికి 13 వస్తాయి.

మూడో పద్ధతిలో ఓటరు ఒక్క పేరుతో ఆగడు. నా మొదటి ఎంపిక వీరు, వీరు కాకపోతే వారు అని వరస రాస్తాడు. ట అభ్యర్థికి వేసిన 14 శాతంలో పది మంది రెండో ఎంపిక గ అనీ, ఇద్దరిది క, ఇద్దరిది చ అనీ అనుకుందాం. ఇప్పుడు క 36, గ 40, చ 24 అయ్యారు. డెలిగేట్లు 18, 20, 12. ముందున్నవారు మారిపోయారు. ఒక్క ఓటరూ మనసు మార్చుకోలేదు.

ఇదంతా ఊహ అనుకోవద్దు. 2016 ఫిబ్రవరిలో సౌత్ కరోలినా రిపబ్లికన్ ప్రైమరీలో డొనాల్డ్ ట్రంప్‌కు వచ్చింది 32.5 శాతం. రూబియో, క్రూజ్ ఇద్దరికీ చెరో 22 శాతం పైచిలుకు. డెలిగేట్లు మొత్తం 50 మందీ ట్రంప్‌కే. ఫ్లోరిడాలో 46 శాతంలోపు ఓట్లతో 99 మందినీ పట్టుకెళ్లారు. దేశం మొత్తం మీద ఆ ప్రైమరీల్లో ఆయనకు పడ్డవి 45 శాతం. 17 మందితో మొదలైన పోటీలో అది చాలు. ఆయన నిబంధనలను తప్పించుకోలేదు, నిబంధనలు ఆయనకు కలిసొచ్చాయి. ప్రత్యర్థుల ఓట్లు చీలాయి, చీలిన ఓటుకు ఆ పద్ధతిలో విలువ లేదు.

మూడో పద్ధతిని 2020లో అలాస్కా, హవాయి, కాన్సస్, వయోమింగ్ డెమొక్రాట్లు వాడారు. దాని మీద ఉన్న అభ్యంతరం కూడా చెప్పుకోవాలి: బ్యాలెట్ పెద్దదవుతుంది, లెక్క ఆలస్యమవుతుంది, మొదటి రౌండులో ముందున్నవాడు చివరికి వెనకబడితే వాడి మద్దతుదారులకు అది మోసంలా కనిపిస్తుంది.

రిపబ్లికన్లు ఇప్పుడు మధ్యేమార్గం పట్టారు. మార్చి 15 లోపు జరిగే పోటీల్లో దామాషా ఉండాలి, కానీ ఎవరికైనా సగం దాటితే అంతా ఇచ్చెయ్యొచ్చు. ఆ తేదీ తర్వాత రాష్ట్రాల ఇష్టం. 2024లో కాలిఫోర్నియాలో సగం దాటడంతో 169 మందీ ట్రంప్ ఖాతాలో పడ్డారు.

62 శాతంతో గెలిస్తే సున్నా, 51తో గెలిస్తే ఒకటి

దామాషా అంటే న్యాయం అనుకునేవాళ్లకు ఇంకో మెలిక. డెమొక్రాట్లు రాష్ట్రానికి వచ్చిన డెలిగేట్లలో ఎక్కువ భాగాన్ని నియోజకవర్గాలవారీగా పంచుతారు. ఒక్కోదానికి నలుగురో ఐదుగురో వస్తారు. మనిషిని ముక్కలు చేయలేం కదా.

నలుగురు డెలిగేట్లున్న నియోజకవర్గంలో ఇద్దరు అభ్యర్థులు. ఒకరికి 62, ఒకరికి 38 శాతం. నాలుగులో 62 శాతం అంటే 2.48. నాలుగులో 38 శాతం అంటే 1.52. ముందు రెండు, ఒకటి ఇచ్చి, మిగిలిన ఒక్కటీ ఎవరి భిన్నం పెద్దదైతే వారికి. 52 పెద్దది కాబట్టి ఓడినవారికి వెళ్తుంది. చివరికి చెరో ఇద్దరు. 24 శాతం తేడాతో గెలిచి సాధించింది సున్నా. పక్కనే ఐదుగురు డెలిగేట్లున్న చోట 51 శాతం వస్తే 2.55, ఎదుటివారికి 2.45. ముగ్గురు ఒకరికి, ఇద్దరు ఒకరికి.

దీని అర్థం ప్రచారం డబ్బు ఎక్కడ పెట్టాలో తెలిసిన కార్యకర్తకు బాగా తెలుసు: సరిసంఖ్య ఉన్నచోట మరీ ఘోరంగా ఓడకుండా చూసుకో, బేసి సంఖ్య ఉన్నచోట వెంట్రుకవాసిలో గెలువు. 2008లో నెవడా కాకస్‌లో రాష్ట్రం మొత్తం మీద హిల్లరీ ముందున్నారు. డెలిగేట్లు లెక్కేస్తే ఒబామాకు 13, ఆమెకు 12.

డెలిగేట్ కుర్చీలో కూర్చునేది ఎవరు

ఎంతమంది అన్నది తేలాక, ఎవరు అన్న ప్రశ్న మిగులుతుంది. డెలిగేట్లంటే అంకెలు కారు, మనుషులు. స్థానిక నాయకులు, యూనియన్ వాళ్లు, టీచర్లు, ఏళ్ల తరబడి జెండా మోసిన కార్యకర్తలు. చాలా రాష్ట్రాల్లో వీళ్లను జిల్లా, రాష్ట్ర స్థాయి పార్టీ సమావేశాల్లో ఎన్నుకుంటారు. ఓటింగు రోజున టీవీలో కనిపించే విజేత ఒకరు, నెలల తర్వాత సమావేశానికి ఓపిగ్గా వచ్చి కూర్చునే వర్గం ఇంకొకరిది కావచ్చు.

2012 అయోవాలో అదే జరిగింది. రిపబ్లికన్ కాకస్ రాత్రి మిట్ రోమ్నీ 8 ఓట్లతో గెలిచారన్నారు. రెండు వారాల తర్వాత, కాదు, రిక్ శాంటోరమ్ 34 ఓట్లతో ముందున్నారన్నారు. ఆగస్టులో టాంపా సదస్సుకు వచ్చేసరికి అయోవా డెలిగేట్లలో 22 మంది మూడో స్థానంలో ఉన్న రాన్ పాల్‌కు ఓటేశారు. ఆయన మనుషులు ఏ సమావేశాన్నీ వదల్లేదు మరి. ఈ దెబ్బతో రిపబ్లికన్లు నిబంధన బిగించారు: రాష్ట్రంలో ఓటింగు పెడితే డెలిగేట్లు దానికి కట్టుబడాల్సిందే. ఇక 2016లో కొలరాడో ఏం చేసిందంటే, ఓటింగే పెట్టలేదు. సమావేశాల్లో ఎన్నికైన డెలిగేట్లంతా టెడ్ క్రూజ్ వర్గమే. ట్రంప్ అన్యాయమని గోల పెట్టారు. సౌత్ కరోలినాలో మూడో వంతు ఓట్లకు మొత్తం డెలిగేట్లు వచ్చినప్పుడు ఆయనకు ఆ అభ్యంతరం కలగలేదు, అది వేరే సంగతి.

పెద్దల ఓటు ఉండాలా

1972లో కొత్త పద్ధతిలో గెలిచిన మొదటి డెమొక్రాట్ జార్జ్ మెక్‌గవర్న్. నిక్సన్ చేతిలో 49 రాష్ట్రాలు పోగొట్టుకున్నారు. 1980లో కార్టర్ కూడా ఘోరంగా ఓడాక, కార్యకర్తల ఉత్సాహానికి కాస్త కళ్లెం ఉండాలని పార్టీ అనుకుంది. ఎంపీలు, గవర్నర్లు, జాతీయ కమిటీ సభ్యులు ఏ ప్రైమరీతోనూ పనిలేకుండా నచ్చినవారికి ఓటేసే ఏర్పాటు 1984 నుంచి వచ్చింది. వీళ్లే సూపర్ డెలిగేట్లు.

వీళ్ల తరఫు వాదన కొట్టిపారేసేది కాదు. అభ్యర్థితో కలిసి పనిచేసినవాళ్లకు ఆయన ఓపిక, నిజాయితీ, ఒత్తిడిలో తీరు తెలుస్తాయి. ర్యాలీకి వచ్చిన ఓటరుకు తెలియవు. పైగా ఆ అభ్యర్థి పేరు కింద నవంబరులో తామూ గెలవాలి కాబట్టి, గెలిచే మనిషిని చూసుకుంటారు.

ఎదుటి వాదన అంకెల్లో ఉంది. 2016 న్యూహాంప్‌షైర్‌లో బెర్నీ సాండర్స్ 60–38తో గెలిచారు. ఓట్ల మీద వచ్చిన డెలిగేట్లు 15–9. కానీ ఆ రాష్ట్రపు సూపర్ డెలిగేట్లు ఆరుగురు హిల్లరీ వైపు ఉండటంతో టీవీ పట్టికలో 15–15 అని కనిపించింది. 22 శాతం తేడాతో గెలిచినవాడికి ఇది ఎలా ఉంటుంది? ఒక్క ఓటూ పడకముందే, 2015 నవంబరు సర్వేలోనే, 350 మందికి పైగా పెద్దలు హిల్లరీకి, 8 మంది సాండర్స్‌కు మద్దతు చెప్పారు. నిజానికి ఓట్ల ద్వారా వచ్చిన డెలిగేట్లలో ముందున్న అభ్యర్థిని సూపర్ డెలిగేట్లు కిందికి దించిన సందర్భం ఇప్పటిదాకా లేదు. ఆ ఏడూ హిల్లరీయే ఓట్లలోనూ ముందున్నారు. అయినా ముందే తేలిపోయిందన్న భావన కలిగించడం కూడా పోటీ మీద ప్రభావమే. 2018లో పార్టీ వాళ్ల కోరలు తీసింది: ఫలితం తేలకుండా ఉంటే మొదటి రౌండులో వాళ్లకు ఓటు లేదు.

ఎడిసన్ ఓటరు, ఫ్రిస్కో ఓటరు

వరస క్రమం ఎంత పనిచేస్తుందో మనవాళ్ల ఉదాహరణే చెప్తుంది. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో తెలుగువాళ్లు బాగా ఉన్నారు. పౌరసత్వం వచ్చినవాళ్లకే ఓటు. గ్రీన్‌కార్డుకు, హెచ్‌-1బీకి లేదు. 2024లో ఫ్రిస్కో ఓటరు మార్చి 5న, పదిహేను రాష్ట్రాలు ఒకేసారి ఓటేసే సూపర్ ట్యూస్‌డే నాడు బూత్‌కు వెళ్లాడు. అప్పటికి రిపబ్లికన్లలో ట్రంప్‌తో పోటీపడుతున్న నిక్కీ హేలీ ఇంకా బరిలో ఉన్నారు, మర్నాడు తప్పుకున్నారు. మార్చి 12కల్లా బైడెన్, ట్రంప్ ఇద్దరికీ సరిపడా డెలిగేట్లు వచ్చేశారు. ఎడిసన్ ఓటరు వంతు జూన్ 4న వచ్చింది. రెండు పార్టీల్లోనూ తేల్చడానికి ఏమీ మిగల్లేదు.

టెక్సాస్‌లో ఓటరు జాబితాలో పార్టీ పేరే ఉండదు, ఆ రోజు ఏ పార్టీ బ్యాలెట్ కావాలంటే అది అడగొచ్చు. న్యూజెర్సీలో ఏ పార్టీలోనూ నమోదు కానివాళ్లు అక్కడికక్కడ చేరి ఓటేయొచ్చు. వేరే పార్టీలో ఉన్నవాళ్లకు కుదరదు. న్యూయార్క్ ఇంకా కఠినం. 2016లో అక్కడ ట్రంప్ పిల్లలు ఇవాంకా, ఎరిక్ నెలల ముందే గడువు దాటిపోవడంతో తండ్రికే ఓటేయలేకపోయారు. తలుపులు తెరిస్తే తటస్థులూ వస్తారు, అతివాదం తగ్గుతుందని కొందరి ఆశ. పార్టీ అభ్యర్థిని పార్టీ వాళ్లు కాక బయటివాళ్లు తేల్చడమేమిటని కొందరి ప్రశ్న. 2000లో సుప్రీంకోర్టు కాలిఫోర్నియా కేసులో రెండో వాదానికే మొగ్గింది: ఎవరైనా ఏ పార్టీ అభ్యర్థికైనా ఓటేసేలా పార్టీలను బలవంతపెట్టడం చెల్లదంది. అలాగని పార్టీ తన ఇష్టమొచ్చినట్టు చేయలేదు. టెక్సాస్ డెమొక్రాట్లు ప్రైమరీల్లో తెల్లవాళ్లకే ఓటు పెట్టుకుంటే, 1944లో అదే కోర్టు కొట్టేసింది. పార్టీ ప్రైవేటు సంఘమే, కానీ అది చేసే పని ప్రజలది. ఈ రెంటి మధ్య గీత ఇప్పటికీ కదులుతూనే ఉంది.

ముందు ఓటేసే హక్కు కోసం న్యూహాంప్‌షైర్ ఏకంగా చట్టమే చేసుకుంది: ఇలాంటి ఎన్నిక మరెక్కడ జరిగినా దానికి కనీసం ఏడు రోజుల ముందు తనది జరగాలి. అయోవా, న్యూహాంప్‌షైర్ రెండూ చిన్నవి, దాదాపు తొంభై శాతం తెల్లవాళ్లవి. అందుకే 2024లో డెమొక్రాట్లు, తమ ఓటర్లలో సగానికి పైగా నల్లజాతివారున్న సౌత్ కరోలినాను ముందుకు తెచ్చారు. న్యూహాంప్‌షైర్ ఖాతరు చేయకుండా జనవరి 23నే పెట్టేసింది. బైడెన్ పేరు బ్యాలెట్ మీద లేకపోయినా, జనం చేత్తో రాసి గెలిపించారు.

ఒకేరోజు దేశమంతా పెడితే పోదా?

ఈ మాట కొత్తది కాదు. 1913లోనే అధ్యక్షుడు విల్సన్ దేశవ్యాప్త ప్రైమరీ పెట్టమని పార్లమెంటును కోరారు. అందరి ఓటుకూ ఒకే విలువ, ఎడిసన్‌కూ ఫ్రిస్కోకూ తేడా ఉండదు. చిక్కల్లా డబ్బు. యాభై రాష్ట్రాల్లో ఒకేసారి టీవీ ప్రకటనలివ్వగలిగేది అప్పటికే పేరూ నిధులూ ఉన్నవాళ్లే. 1976లో జిమ్మీ కార్టర్ జార్జియా బయట పెద్దగా ఎవరికీ తెలియరు. అయోవాలో ఇంటింటికీ తిరిగి నిలదొక్కుకున్నారు. పైగా ఒక్కసారే ఓటేస్తే తప్పు దిద్దుకునే వీలుండదు. నెలల తరబడి సాగే పోటీలో అభ్యర్థి పాత వ్యవహారాలు బయటపడతాయి, ఒత్తిడిలో ఎలా ఉంటారో తెలుస్తుంది. దేశాన్ని నాలుగు ప్రాంతాలుగా చేసి, ప్రతి ఎన్నికకూ వరస మార్చే ప్రతిపాదన రాష్ట్రాల ఎన్నికల అధికారుల సంఘం నుంచే వచ్చింది. బాగానే ఉంది గానీ, ముందు వరసలో ఉన్న రాష్ట్రం తన చోటు ఎందుకు వదులుతుంది?

ఇంకో సంగతి: 2016లో పోటీ హోరాహోరీగా ఉన్నా ప్రైమరీల్లో ఓటేసింది అర్హుల్లో నూటికి ముప్పై మంది కూడా లేరు. కుర్చీలో ఉన్న అధ్యక్షుడు మళ్లీ నిలబడితే ఆ మాత్రం పోటీ కూడా ఉండదు. 2020లో ట్రంప్ కోసం సౌత్ కరోలినా వంటి కొన్ని రాష్ట్రాల రిపబ్లికన్లు ప్రైమరీలే రద్దు చేశారు. 2024లో ఫ్లోరిడా డెమొక్రాట్లు బైడెన్ పేరొక్కటే పంపడంతో అక్కడా రద్దయింది. పద్ధతి ఎంత మంచిదైనా బ్యాలెట్ మీద రెండో పేరు లేకుండా చేస్తే దానికి పని ఉండదు. నాకు క్యాలెండర్ గొడవ కన్నా, లెక్కింపు పద్ధతి గొడవ కన్నా ఇదే పెద్ద లోపంగా కనిపిస్తుంది. 2024 వేసవిలో డెలిగేట్ల చేతికి అంత అధికారం రావడానికి కారణం కూడా, ఆ ఏడాది ఓటర్లకు గట్టి పోటీ దొరక్కపోవడమే.

అంతా అయ్యాక అభ్యర్థి తప్పుకుంటే

ఉపాధ్యక్ష అభ్యర్థి విషయంలో ప్రైమరీలకు అసలు పాత్రే లేదు. 2024 జూలైలో ఉషా చిలుకూరి పేరు తెలుగు పత్రికల మొదటి పేజీకెక్కినప్పుడు, ఆమె భర్త జేడీ వాన్స్‌కు ఆ టికెట్ ఇచ్చింది ట్రంప్. సదస్సు మూజువాణి ఓటుతో ఒప్పుకుంది. 1956లో స్టీవెన్సన్ మాత్రం ఎంపికను డెలిగేట్లకే వదిలేశారు. కెఫావర్ గెలిచారు, యువ సెనేటర్ కెన్నెడీ ఓడారు.

సదస్సు ముగిశాక అభ్యర్థి చనిపోయినా తప్పుకున్నా డెలిగేట్లను మళ్లీ పిలవాల్సిన పని లేదు. అప్పుడు అధికారం జాతీయ కమిటీది. రిపబ్లికన్ కమిటీలో 168 మంది: ఒక్కో రాష్ట్రం, ప్రాంతం నుంచి ముగ్గురేసి. ఆ ముగ్గురూ కలిసి, సదస్సులో తమ రాష్ట్రానికి ఎన్ని ఓట్లుంటే అన్ని వేస్తారు. ఇలా కమిటీ అభ్యర్థిని మార్చడం జరిగింది కూడా. 1972లో మెక్‌గవర్న్ ఎంచుకున్న ఉపాధ్యక్ష అభ్యర్థి థామస్ ఈగల్టన్, గతంలో మానసిక అనారోగ్యానికి షాక్ చికిత్స తీసుకున్న సంగతి బయటపడి, సదస్సు ముగిసిన కొద్ది వారాలకే తప్పుకున్నారు. ఆగస్టులో డెమొక్రాటిక్ కమిటీ సమావేశమై సార్జెంట్ ష్రైవర్ పేరు ఖాయం చేసింది.